మృత్యువు తరువాతనే కవచమా?

సూరత్ నగరానికి ఆనుకొని ఉన్న హజీరాలో లార్సన్ అండ్ టూబ్రో సంస్థకు ఒక కవచవాహనాల కర్మాగారం ఉంది. 2019 జనవరి 19న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. దక్షిణ కొరియాకు చెందిన హన్వా సంస్థ సాంకేతిక సహకారంతో ‘కె-9 వజ్ర’ అనే స్వయంచాలిత శతఘ్నులు వంద అక్కడ తయారై సైన్యానికి చేరాయి. 2017లో కుదిరిన ఆ ఒప్పందం విలువ సుమారు 4,500 కోట్ల రూపాయలు. వందవ శతఘ్ని 2021 ఫిబ్రవరిలో కర్మాగారం ద్వారం దాటింది. మరి వందింటి కోసం రెండవ ఒప్పందం 2024 డిసెంబరు 20న జరిగింది. దాని విలువ 7,628.70 కోట్ల రూపాయలు. కొండప్రాంతాల యుద్ధానికి ఉద్దేశించిన ‘జొరావర్’ తేలిక ట్యాంకును కూడా రక్షణ పరిశోధన సంస్థ 2024 జులైలో హజీరాలోనే ప్రదర్శించింది.

ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా పాలకులు, పెద్ద పత్రికలు మనకు ఒక పాఠం చెబుతుంటారు. ప్రైవేటు సంస్థ గడువులోగా పని ముగిస్తుందనీ, ప్రభుత్వ కర్మాగారం ఆలస్యం చేస్తుందనీ, కనుక రక్షణ ఉత్పత్తిని ప్రభుత్వం చేతులనుండి తప్పించడమే దేశానికి మేలనీ ఆ పాఠం సారాంశం. ఇది కేవలం రక్షణ కార్మికులకు సంబంధించిన వివాదమని మనం ఊరకుండరాదు. నేడు ఆయుధ కర్మాగారాలను గురించి చెప్పిన మాటలే నిన్న రైలుపెట్టెల కర్మాగారాలను గురించి చెప్పారు, రేపు తపాలా కార్యాలయాలను గురించి చెబుతారు.

రైలు నడిపేవారికీ, ఉత్తరాలు బట్వాడా చేసేవారికీ సైనిక వాహనాల కొనుగోలుతో ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. ట్యాంకులను, శతఘ్నులను సరిహద్దుకు చేర్చే మిలిటరీ స్పెషల్ బండ్లను నడిపేది మన రైల్వే సోదరులే. మంచులోనూ ఎడారిలోనూ జవానుకు ఇంటి ఉత్తరాన్ని అందించే ఆర్మీ పోస్టల్ సర్వీసులో అత్యధికులు తపాలా శాఖనుండి డెప్యుటేషన్ మీద వెళ్ళినవారే. 56 ఏపీఓ, 99 ఏపీఓ అనే చిరునామాలు మన సార్టింగు సోదరులకు చిరపరిచితాలు. ఇక ఈ కొనుగోళ్ళకు పెట్టే ప్రతి రూపాయీ ప్రజలదే. సూరత్‌లోని మరమగ్గాల మీద బట్ట నేస్తూ బ్రతుకుతున్న వేలాది తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు కొనే ప్రతి వస్తువు మీద కట్టే పన్ను కూడా అందులో ఉంది. లెక్క అడిగే హక్కు మనందరికీ ఉంది.

ఆర్డరు ఎప్పుడు వస్తుంది?

శతఘ్ని శత్రువును కొట్టడానికి పనికివస్తుంది. మందుపాతరను తట్టుకొనే వాహనం మన మనిషిని బ్రతికించడానికి పనికివస్తుంది. ఈ రెండవ రకం వాహనాల కథలోనే మన కొనుగోలు విధానంలోని లోపం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కథకు మన తెలుగు గడ్డతో దగ్గరి సంబంధం ఉంది.

1984లో ఉమ్మడి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం స్థాపితమైంది. నేడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. ‘శరత్’ అనే పేరుతో పదాతిదళ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతున్నాయి. 1990వ దశకం చివర మన దేశం దక్షిణాఫ్రికానుండి ‘కాస్పిర్’ అనే మందుపాతర నిరోధక వాహనాలను దిగుమతి చేసుకొంది. తరువాత ఆ తరహా వాహనాలను ఎద్దుమైలారంలోనూ, జబల్పూరు వాహన కర్మాగారంలోనూ మన కార్మికులే తయారుచేశారు.

ఈ వాహనం పనిచేసే తీరు తెలుసుకోదగినది. మామూలు లారీ అడుగు చదునుగా ఉంటుంది. క్రింద మందుపాతర పేలితే ఆ విస్ఫోటన బలమంతా పైకి తన్ని లోపలివారిని చంపుతుంది. మందుపాతర నిరోధక వాహనం అడుగుభాగాన్ని పడవ అడుగువలె రెండు వైపులకూ ఏటవాలుగా, దళసరి ఉక్కుతో నిర్మిస్తారు. నేలకూ వాహనానికీ మధ్య ఎడం ఎక్కువగా ఉంచుతారు. పేలుడు ధాటి ఆ వాలు వెంట ప్రక్కలకు జారిపోతుంది. చక్రం ఊడిపోవచ్చు, ఇరుసు విరగవచ్చు, కాని లోపలి మనిషి బ్రతుకుతాడు. అయితే ప్రతి నమూనాకూ ఒక హద్దు ఉంటుంది. ఇన్ని కిలోల పేలుడు పదార్థం వరకు తట్టుకొంటుందని లెక్కగట్టి దానిని నిర్మిస్తారు. ఆ హద్దును మించిన మందుపాతర పెట్టినప్పుడు ఏ ఉక్కూ ఆగదు.

2018 మార్చి 13న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లా కిష్టారం వద్ద సరిగా అదే జరిగింది. మందుపాతర నిరోధక వాహనంలో వెళుతున్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు తొమ్మిదిమంది ఆ వాహనంతో సహా పేల్చివేయబడ్డారు. అంతకు కొన్ని సంవత్సరాల క్రితమే ఈ వాహనాలను ‘చక్రాల మీద శవపేటికలు’ అని సీఆర్‌పీఎఫ్ ఉన్నతాధికారులు బహిరంగంగా వర్ణించి ఉన్నారు. ఎదుటివాడు పెట్టే మందు పెరుగుతున్నదని తెలిసిన తరువాత వాహనం నమూనా కూడా మారాలి. మెరుగైన నమూనా కావాలంటే ఆ మేరకు కొలతలు వ్రాసి, డబ్బు కేటాయించి, ఆర్డరు ఇవ్వవలసినది ఢిల్లీ కార్యాలయాలు. వెల్డింగు గుంతలో పనిచేసే కార్మికుడు తనంతట తాను ఉక్కు మందాన్ని పెంచలేడు.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో నలభైమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు బలి అయ్యారు. వారు ప్రయాణిస్తున్నది మామూలు బస్సు. జమ్మూ–శ్రీనగర్ మార్గంలో జవాన్లందరికీ విమాన ప్రయాణం అనుమతిస్తూ హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది ఆ తరువాత వారానికి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ఇరవైమంది సైనికులు మరణించారు. మందుపాతరలను తట్టుకొనే ‘ఎం-4’ వాహనాల కోసం భారత్ ఫోర్జ్ సంస్థతో 177.95 కోట్ల రూపాయల అత్యవసర ఒప్పందం జరిగింది 2021 ఫిబ్రవరిలో. 2025 జనవరి 6న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో మందుపాతరకు ఎనిమిదిమంది పోలీసు జవాన్లు, వారి వాహనం నడిపే డ్రైవరు మరణించారు. వారు వెళుతున్నది ఏ కవచమూ లేని వాహనం.

ఈ జబ్బు మన దేశానిది మాత్రమే కాదు. ఇరాక్‌లో రోడ్డుప్రక్క బాంబులకు తమ సైనికులు రోజూ చనిపోతూ ఉండగా అమెరికన్ మెరైన్ దళాధికారులు 2005 ఫిబ్రవరిలో 1,169 మందుపాతర నిరోధక వాహనాలు అత్యవసరంగా కావాలని వ్రాతపూర్వకంగా కోరారు. ఆ కాగితం ఫైళ్ళలో పడి ఉండిపోయింది. 2007లో రాబర్ట్ గేట్స్ రక్షణ మంత్రి హోదాలో దీనిని ప్రథమ ప్రాధాన్యంగా ప్రకటించిన తరువాతనే పని కదిలింది. కదిలిన తరువాత ఇరవై వేలకు పైగా వాహనాలు అతి త్వరగా తయారయ్యాయి. కార్ఖానాలకు చేతకాకపోవడం వల్ల ఆ రెండు సంవత్సరాలు వృథా కాలేదని దీనినిబట్టి తేలుతున్నది. అడిగినవాని మాట వినే నాథుడు లేకపోవడమే దానికి కారణం. ఆ ఆలస్యాన్ని గురించి ఆ దేశ రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే 2008లో నివేదిక వ్రాశారు. మన దేశంలో అటువంటి నివేదిక ఒక్కటైనా ప్రజల ముందుకు వచ్చిందా?

తప్పు ఎవరి మీద?

మన పాలకులు మాత్రం రోగాన్ని విడిచి యాజమాన్యం మార్పును మందుగా ఎంచుకొన్నారు. 2021 అక్టోబరు 1 నుండి ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి 41 కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీశారు. ఎద్దుమైలారం కర్మాగారం ఆవడి కేంద్రంగా గల ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ క్రిందికి వెళ్ళింది. సుమారు 70 వేలమంది ఉద్యోగులను తమ శాఖలోనే ఉంచుతున్నట్లు చెబుతూ కంపెనీలకు డెప్యుటేషన్ మీద ఇచ్చారు. మొదట రెండేళ్ళకని చెప్పిన ఆ ఏర్పాటును తరువాత గడువు మీద గడువుగా పొడిగించారు. తాను ప్రభుత్వోద్యోగిగా పదవీ విరమణ చేస్తాడో లేదో తెలియక ఒక కార్మికుడు సంవత్సరాల తరబడి జవాను ప్రాణాన్ని కాపాడే వాహనాన్ని వెల్డు చేయవలసి రావడం ఎవరికి గౌరవం?

ఈ నిర్ణయాన్ని రక్షణ ఉద్యోగుల మూడు సమాఖ్యలూ, అనగా ఏఐడీఈఎఫ్, ఐఎన్‌డీడబ్ల్యూఎఫ్, బీపీఎంఎస్, తమ రాజకీయ విభేదాలను ప్రక్కకు పెట్టి ప్రతిఘటించాయి. 2019 ఆగస్టు 20న సమ్మెకు దిగాయి. 2021లో మరల నిరవధిక సమ్మెకు సిద్ధపడగానే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆగస్టులో దానిని అత్యవసర రక్షణ సేవల చట్టంగా పార్లమెంటులో ఆమోదింపజేసుకొంది. సమ్మె చేసినవారికి ఏడాది జైలు, ప్రోత్సహించినవారికి రెండేళ్ళ జైలు అని అందులో వ్రాశారు. ఆ చట్టం కాలపరిమితి ఒక్క సంవత్సరమే. కార్పొరేటీకరణ పూర్తి కావడానికి ఆ సంవత్సరం చాలింది. 1960లోనూ, 1968లోనూ అత్యవసర సేవల ఆర్డినెన్సులను చవిచూసి, 1974 మే నెలలో రైల్వే సమ్మెలో వేలాదిగా జైళ్ళకు వెళ్ళిన ఉద్యమానికి వారసులమైన మనకు ఈ పద్ధతిని గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇక హజీరా విషయానికి వద్దాము. అక్కడి కార్మికులూ, ఇంజనీర్లూ వంద శతఘ్నులను గడువుకు ముందే పూర్తిచేశారు. దానిని మేము సంతోషంతో అంగీకరిస్తున్నాము. హజీరాలో ఉక్కు కరిగించే చేతులూ, ఎద్దుమైలారంలో ఉక్కు కరిగించే చేతులూ శ్రామికులవే. కాని ఆ విజయానికి మూలమేమిటి? ఒకే నమూనా, ఒకేసారి వందింటికి ఆర్డరు, డబ్బు చెల్లింపుకు ఒప్పందం, స్పష్టమైన గడువు. ఈ నాలుగూ ఉన్నచోట ఏ కర్మాగారమైనా పని చేసి చూపుతుంది. ఇవి లేనిచోట ప్రైవేటు సంస్థ కూడా ఏమీ చేయలేదు. 2021 ఫిబ్రవరిలో వందవ శతఘ్ని వెళ్ళిపోయిన తరువాత రెండవ ఒప్పందానికి 2024 డిసెంబరు వరకు, అనగా మూడు సంవత్సరాల పది నెలలు పట్టింది. ఈ విరామానికి హజీరా కార్మికుని సోమరితనం కారణమని ఎవరైనా అనగలరా? ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మరి అదే విరామం ప్రభుత్వ కర్మాగారానికి వచ్చినప్పుడు మాత్రం ఆ నింద కార్మికుని మీదికి ఎందుకు వస్తుంది?

ఆ రెండు ఒప్పందాలనే భాగించి చూస్తే శతఘ్ని ఒక్కింటికి సగటున మొదట 45 కోట్ల రూపాయలు, తరువాత 76 కోట్ల రూపాయలు పడుతుంది. రెండింటిలో చేర్చిన విడిభాగాలు, సేవలు ఒకటే కాకపోవచ్చు. మధ్యకాలంలో ధరలు కూడా పెరిగాయి. అయినప్పటికీ కొనుగోలులో విరామం వల్ల ప్రజాధనం ఎంత అదనంగా ఖర్చయిందో చెప్పవలసిన బాధ్యత కొన్నవారిదే. ప్రభుత్వ కర్మాగారం ధర ఎక్కువని పదే పదే చెప్పినవారు ఈ లెక్కను కూడా అంతే బిగ్గరగా చెప్పాలి.

మన కవచం సంగతి

ఈ మాటలు రైల్వే సోదరులకు తమ సొంత గాథగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. మనకూ ఒక కవచం ఉంది. రెండు బండ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను మన దేశంలోనే రూపొందించారు. దానికి పరీక్షలు జరిగినవి దక్షిణ మధ్య రైల్వేలో, వికారాబాదు పరిసరాలలోని మార్గాలలో. పాసింజరు బండ్ల మీద ప్రయోగం 2016లోనే మొదలయింది. 2023 నాటికి దానిని అమర్చినది 1,465 రూటు కిలోమీటర్ల మీద మాత్రమే. దేశంలోని రైలు మార్గాల మొత్తం పొడవు సుమారు 68 వేల కిలోమీటర్లు.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద, పనిచేయని ఆటోమేటిక్ సిగ్నళ్ళున్న మార్గంలో, విశాఖపట్నం–పలాస పాసింజరును వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొన్నది. ఆ మార్గంలో కవచ్ లేదు. వెనుక బండి లోకో పైలట్, సహాయ లోకో పైలట్ కూడా మరణించారు. ప్రాథమిక విచారణలో తప్పు వారి మీదనే మోపబడింది. చనిపోయినవారు వచ్చి సమాధానం చెప్పుకోలేరు. కవచ్‌ను ఆ మార్గానికి ఎప్పుడు మంజూరు చేయవలసి ఉండెను, ఎందుకు చేయలేదు అనే ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు మాత్రం బ్రతికే ఉన్నారు.

కిష్టారంలో జవానూ, కంటకాపల్లిలో లోకో పైలట్టూ ఒకే విధానానికి బలి అయినారని మా అభిప్రాయం. ప్రమాదం ముందుగా తెలిసినదే. కవచం ఎలా చేయాలో కూడా తెలిసినదే. లోపించినది దానిని సకాలంలో కొనాలనే నిర్ణయం. కాని నిర్ణయం ఆలస్యం చేసినవాని పేరు ఏ విచారణలోనూ రాదు. చక్రం పట్టుకొన్నవాని పేరు, ఉక్కు అతికినవాని పేరు మాత్రం ముందుగా వస్తుంది.

అయినా రైల్వేలో ఒక మంచి సంప్రదాయం మిగిలి ఉంది. పెద్ద ప్రమాదం జరిగితే విచారించే రైల్వే భద్రతా కమిషనరు రైల్వే బోర్డు క్రింద పనిచేయడు. ఆయన పౌర విమానయాన మంత్రిత్వ శాఖ అజమాయిషీలో ఉంటాడు. బండ్లు నడిపే శాఖ తన తప్పును తానే తీర్పు చెప్పుకోరాదన్నది అందులోని న్యాయం. ఆ నివేదికలు అన్నివేళలా కార్మికునికి న్యాయం చేశాయని మేము అనడంలేదు. కాని అటువంటి వేదిక ఉండడం వల్లనే సిగ్నలు, పట్టా, పనిగంటలు, సిబ్బంది కొరత వంటి విషయాలు రికార్డులోకి ఎక్కుతున్నాయి. కవచవాహనం పేలిపోయి జవాన్లు చనిపోయినప్పుడు కూడా, కొన్నవారికీ తయారుచేసినవారికీ లోబడని వేదిక విచారించి, ఉక్కు ఎక్కడ చీలిందో, అతుకు ఎక్కడ విడిందో, మందు ఎంత వాడారో తేల్చి, ఆ సమాచారాన్ని కర్మాగారానికి పంపితే తరువాతి వాహనం మెరుగుపడుతుంది. సైనిక రహస్యాలను విప్పమని ఎవరూ అడగడంలేదు. ఒక వాహనం ఏ బలహీనత వల్ల విరిగిందో దానిని తయారుచేసే వానికైనా తెలియాలి కదా!

మనం కోరవలసినది

రక్షణ ఉద్యోగుల పోరాటానికి సంఘీభావంగా తీర్మానాలు చేయడంతో మన కర్తవ్యం తీరదు. ఈ క్రింది విషయాలను మన శాఖల సమావేశాలలో చర్చించి, ఉమ్మడి కోర్కెలుగా ముందుకు తేవాలని మేము ప్రతిపాదిస్తున్నాము.

మొదటిది: ప్రాణరక్షణకు సంబంధించిన వాహనాలకూ పరికరాలకూ, అది జవాను కవచమైనా రైలు కవచ్ అయినా, అనేక సంవత్సరాలకు సరిపడే కొనుగోలు ప్రణాళికను ముందుగానే ప్రకటించాలి. దుర్ఘటన జరిగిన తరువాత అత్యవసర కొనుగోలు అనే పద్ధతి అంతం కావాలి.

రెండవది: కంపెనీలుగా మార్చేనాడు పాత ఆర్డర్ల రూపంలో 65,000 కోట్ల రూపాయలకు పైగా పని అప్పగించామని ప్రభుత్వం ఘనంగా చెప్పుకొంది. ఆ పని ముగిసిన తరువాత ఎద్దుమైలారం, జబల్పూరు, ఆవడి కర్మాగారాలకు ఏమి ఆర్డర్లు ఇస్తారో స్పష్టం చేయాలి. పని ఇవ్వకుండా నష్టాలు చూపి మూసివేసే ఎత్తుగడ మనకు కొత్త కాదు.

మూడవది: ధర, గడువు, నాణ్యత విషయాలలో ప్రభుత్వ కర్మాగారానికీ ప్రైవేటు సంస్థకూ ఒకే కొలబద్ద ఉండాలి. రెండింటి లెక్కలూ పార్లమెంటు ముందుకు రావాలి.

నాలుగవది: రక్షణ కర్మాగారాల ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులుగానే పదవీ విరమణ చేసేటట్లు హామీని ఉత్తర్వు రూపంలో ఇవ్వాలి. హజీరాలోనైనా, ఎద్దుమైలారంలోనైనా శాశ్వతమైన పనికి కాంట్రాక్టు కార్మికులను వాడరాదు.

ఐదవది: కవచవాహనాలు విఫలమైన ప్రతి సంఘటన మీదా స్వతంత్ర సాంకేతిక విచారణ జరగాలి.

2019లో నూరు రోజుల కార్యక్రమం పేరుతో రైల్వే ఉత్పత్తి కర్మాగారాలను కంపెనీగా మార్చే ప్రతిపాదన వచ్చినప్పుడు రాయబరేలీ మొదలు పెరంబూరు వరకు కార్మికులు కుటుంబాలతో సహా వీథులలోకి వచ్చారు. ఆనాడు రక్షణ కార్మికులు తమ సమ్మెలో ఒంటరిగా ఉన్నారు, రైల్వే కార్మికులు తమ నిరసనలో ఒంటరిగా ఉన్నారు. తపాలా ఉద్యోగులు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నట్లుగా మిగిలిపోయారు. మూడు శాఖలనూ ముక్కలుచేసే చేయి ఒక్కటే అయినప్పుడు, దానిని ఎదుర్కొనేవారు మూడు చోట్ల విడివిడిగా నిలబడడం సమంజసం కాదు.

జవాను మనలో ఒకరి కొడుకు, ఒకరి తమ్ముడు. వాహనంలో కూర్చొనేటప్పుడు దానిని ఏ కంపెనీ చేసిందని అతడు ఆలోచించడు. అతుకు గట్టిగా ఉన్నదా, ఉక్కు చాలినంత ఉన్నదా అన్నదే అతనికి కావలసినది. ఆ నమ్మకాన్ని అతనికి ఇవ్వాలంటే అతుకు వేసేవాని ఉద్యోగం గట్టిగా ఉండాలి, ఆర్డరు వేళకు రావాలి, తప్పు జరిగితే పైవాడు కూడా సమాధానం చెప్పాలి. ఈ మూడింటి కోసం రక్షణ, రైల్వే, తపాలా ఉద్యోగులు ఒక్కటై ఉద్యమించాలని మేము విజ్ఞప్తి చేస్తున్నాము.